నెర్రెల చేను

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అంటారు. ఏ పత్తి పురుగు గురించో, ఏ దొంగ విత్తనాల గురించో చెప్పి పంపించేస్తాను. నిజంగా మరిచిపోలేనిది మాత్రం చెప్పను. చెబితే, పాపం పెద్దాయనకు మతి చలించిందని గేటు దాటకముందే నవ్వుకుంటారు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీరు నవ్వినా నాకు వినపడదు. నవ్వుకోండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆళ్లగడ్డ దగ్గర గ్రామసేవకుణ్ణి. గ్రామసేవకుడంటే మీరేదో అనుకునేరు. ఒక సైకిలు, దానికి ఒక పక్క విత్తనాల సంచి, ఇంకో పక్క పురుగుల మందు డబ్బా, మధ్యలో నేను. ఊళ్ళలోకి పోతే కుక్కలు కూడా లేచి మొరిగేవి కావు, అంత అలవాటైపోయాను.

ఒకరోజు నంద్యాల నుంచి మా పై అధికారి కబురు పెట్టాడు. పోయి నిలబడ్డాను.

"నీకు ఇంగ్లీషు వస్తాదంట గదా?" అన్నాడు.

"ఇంటర్ తప్పినాను సార్."

"తప్పే దాకా వచ్చింది గదా, చాల్లే."

సంగతేమిటంటే, సొంత సేద్యం చేసుకునే చిన్న కుటుంబాలకు సలహాలు చెప్పడానికి బయటి దేశాల నుంచి కొందరు రైతులు స్వచ్ఛందంగా వస్తుండేవాళ్ళు. జీతం లేదు. రానుపోను ఖర్చులు, ఉండడానికి ఒక గది, అంతే. అట్లాంటి ఒకాయన మా వైపు వచ్చాడు. ఆయన పక్కన దుబాసీగా నన్ను వేశారు. "జీతం లేకుండా ఇంతదూరం వచ్చినాడంటే ఏదో ఒకటి ఉంటాది. కనిపెట్టుకొని ఉండు" అని మా అధికారి చెవిలో చెప్పాడు. గూఢచారేమోనని ఆయన భయం. ఆళ్లగడ్డలో గూఢచారికి పనేమిటని నేను అడగలేదు. పై అధికారిని అడక్కూడని ప్రశ్నలుంటాయి.

దొరకు యాభై దాటి ఉంటాయి. మనిషి పొడుగు, కొంచెం వంగిన భుజాలు, తక్కువ మాట. చేతులు చూస్తే మాత్రం మనవాడే. కాయలు కాసి, గోళ్ళలో ఎప్పుడూ మన్ను ఉండేది. ఏ చేనికి పోయినా మొదట చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకునేవాడు. ఆడవాళ్ళు అది చూసి, "అయ్యో పాపం, వాళ్ళ దేశంలో కూడుకు కరువేమో" అని జాలిపడి జొన్నరొట్టె పెట్టేవాళ్ళు. ఎండకు మొహం మిరపపండయ్యేది. ఊళ్ళలో ఆయన పేరు ఎర్రదొర.

ఆయన చెప్పేవాటిలో సగం మా రైతులకు తాతల కాలం నుంచి తెలిసినవే. ఒకాయన మొహం మీదే అడిగాడు: "మేం చేస్తాండేదే మాకు చెప్పనీకి సముద్రాలు దాటి వచ్చినాడా ఈయప్ప?" నేను దాన్ని ఇంగ్లీషులోకి "మీ సలహాకు ఆయన చాలా సంతోషించాడు" అని మార్చాను. దొర నన్ను చూసి నవ్వి, "ఆయన అన్నది అది కాదు" అన్నాడు. భాష రాకపోయినా మొహం చదవగలిగిన మనిషి. అప్పటి నుంచి ఆయనంటే నాకు ఇష్టం మొదలైంది.

ఇంక ఆ చేను సంగతికి వస్తాను.

నంద్యాల రోడ్డు నుంచి కుందూ ఏటి వైపు దిగితే ఒక ఊరు. ఆ ఊరి పొలిమేరలో నల్లరేగడి చేను ఒకటి, సగానికి పైగా గరిక పట్టి పడి ఉంది. చుట్టూ అందరి చేలూ దున్ని శుభ్రంగా ఉంటే ఇదొక్కటే అట్లా ఉండడం దొర కంట్లో పడింది. "ఇది ఎవరిది? ఎందుకు వదిలేశారు?" అని అడిగాడు. నాకు తెలుసు. తెలిసీ ఆయనకు చెప్పడానికి రెండు రోజులు వెనకాడాను.

ఆ చేను ఒక ముసలాయనది. ఇంట్లో ఇద్దరే, ఆయన, ఆయన కోడలు. ఒక్కడే కొడుకు. నాలుగైదేళ్ళ కింద ఒక ఎండాకాలం ఆ కొడుకు గరిక వేళ్ళు తవ్వుతానని గునపం తీసుకొని చేన్లోకి పోయాడు. మధ్యాహ్నం పెండ్లాము సంగటి తీసుకొని పోతే మనిషి లేడు. గునపం లేదు. చెప్పులు మాత్రం గట్టు మీద పక్కపక్కన విడిచి ఉన్నాయి. బావులు వెదికారు, నల్లమల దాకా పోయి వెదికారు, యాగంటికి పోయి మొక్కుకున్నారు. ఏమీ తెలియలేదు.

మావైపు ఒక పద్ధతి ఉంది. మనిషి కనబడకుండా పోతే పన్నెండేండ్లు చూస్తారు. అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, దినాలు చేస్తారు. అప్పటిదాకా ఆ ఇల్లాలు ముత్తైదువే. ఆ కోడలికి ఇరవై ఐదు, ఇరవై ఆరేండ్లుంటాయేమో. చేతుల నిండా గాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఊళ్ళో పెండ్లిళ్ళకు పిలుస్తారు గానీ, కంకణం కట్టేటప్పుడు మాత్రం ఆమె వెనక్కి జరిగి నిలబడేది. ఎవరూ జరగమనేవాళ్ళు కాదు, ఉండమనీ అనేవాళ్ళు కాదు.

నల్లరేగడి సంగతి మీకు పుస్తకాల్లో చెప్పే ఉంటారు. ఎండాకాలంలో భూమి చీలుతుంది. ఆ చీలికలను మావైపు నెర్రెలంటారు. కొన్ని నెర్రెల్లో కర్ర వేస్తే పూర్తిగా లోపలికి పోతుంది, అడుగు తగిలిన చప్పుడు కూడా రాదు. దూడ కాలు ఇరుక్కుని విరగడం నేనే చూశాను. ఆ ముసలాయన ఎండాకాలం పొడుగునా మధ్యాహ్నం పూట చేన్లోకి పోయి, నడిమధ్యన ఉన్న ఒక నెర్రె పక్కన కూర్చుంటాడు. సంగటి ముద్దలో కొంచెం తుంచి లోపల వేస్తాడు. తర్వాత వంగి, "ఒరే, యాడుండావ్‌రా?" అని పిలుస్తాడు. చెవి ఆనించి వింటాడు. లేచి ఇంటికి పోతాడు. ఊళ్ళో వాళ్ళు దాన్ని గురించి మాట్లాడరు. ఆ పూట ఆ చేని గట్టున ఎవరూ నడవరు కూడా.

ఇదంతా దొరకు చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "భూమి చీలినప్పుడు తేమంతా ఆవిరై పోతుంది. పై మట్టిని గుంటకతో కదిలించి నెర్రెలు పూడిస్తే వచ్చే పంటకు మంచిది. చేను మంచిదైతే ముసలాయన మనసూ కుదుటపడుతుంది" అన్నాడు. సలహా తప్పేమీ కాదు. ఇప్పుడు మీరైనా అదే చెబుతారు.

ముసలాయన ఏదో పని మీద చాగలమర్రికి పోయిన రోజున, కోడలికి చెప్పి, దొరే స్వయంగా గుంటక తోలాడు. పెద్ద నెర్రెలను మట్టితో, జొన్న చొప్పతో నింపి తొక్కాడు. కోడలు గట్టు మీద నిలబడి చూస్తోంది. ఒద్దనలేదు, సరేననలేదు. ఆ నడిమి నెర్రె దగ్గర మాత్రం మూడు గంపల మట్టి పోసినా నిండలేదు. ఇంకా పోశాము. నిండింది. ఆ చోట చెప్పుల్లేని నా కాలికి చల్లగా తగిలింది. ఏప్రిల్ నెల ఎండలో, పొయ్యి మీది పెనంలా కాలే రేగడిలో, ఆ ఒక్క చోట బావిగట్టు మీద నిలబడినట్టు చల్లగా ఉంది.

మరునాడు ముసలాయన వచ్చాడు. పూడిన చోట కూలబడ్డాడు. తిట్టలేదు, అరవలేదు.

"వాని నోరు మూసినారు గదప్పా" అన్నాడు నాతో.

ఆ మాట దొరకు చెప్పడానికి నాకు ఇంగ్లీషు దొరకలేదు. అవసరం కూడా లేకపోయింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

వారం తిరక్కముందే మళ్ళీ పోయాము. మేము పూడ్చిన నెర్రెలన్నీ పూడినట్టే ఉన్నాయి. ఆ నడిమిది ఒక్కటే తెరుచుకొని ఉంది. మేము తొక్కిన చొప్ప అంచున బయటపడి ఉంది. "కింద ఖాళీ ఎక్కువగా ఉండి మట్టి దిగిపోయింది" అన్నాడు దొర. నేనూ అవునన్నాను. మట్టి దిగితే చొప్ప కూడా దిగాలి కదా అని మా ఇద్దరికీ తోచింది. ఇద్దరమూ అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ముసలాయనకు జ్వరం వచ్చింది. మలేరియా రోజులు. నా దగ్గర క్వినైన్ బిళ్ళలుంటే ఇవ్వడానికి వాళ్ళింటికి పోయాను. ముసలాయన కంబడి కప్పుకొని వణుకుతున్నాడు. కోడలు పక్కనే కూర్చొని తడిగుడ్డ వేస్తోంది. దొర నాతో ఇంట్లోకి రాకుండా, గరిక వేళ్ళు ఎంత లోతుకు పోయాయో చూస్తానని చేన్లోకి పోయాడు. నేను చేని దగ్గరికి పోయేసరికి మధ్యాహ్నం తిరగబోతోంది. ఆయన గట్టు మీద టోపీ చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఎర్రగా ఉండే మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఒక మాటకు అర్థం చెప్పు" అన్నాడు. తర్వాత, మెల్లగా, "ఈడనే ఉండా నాయనా" అన్నాడు.

ఆయనకు 'నీళ్ళు' అనే మాట కూడా నోరు తిరగదు. 'నమస్కారం' అనబోయి నాలుక కరుచుకునేవాడు. ఈ మాట మాత్రం ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు పలికినట్టు పలికాడు.

"ఎవరన్నారు?" అన్నాను.

ఆయన చేని వైపు చూశాడు. చేన్లో ఎవరూ లేరు. ఎండమావులు ఆడుతున్నాయి. కాకి లేదు, పిచ్చుక లేదు. ముసలాయన ఇంట్లో కంబడి కింద ఉన్నాడు, ఇప్పుడే చూసి వచ్చాను.

అర్థం చెప్పాను. ఆయన టోపీ పెట్టుకొని గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత, ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు. ఆయనకూ ఒక కొడుకుండేవాడట. యుద్ధంలోకి పోయాడు. చచ్చిపోయాడని తెలియలేదు, ఉన్నాడనీ తెలియలేదు. సమాధి లేదు. వాళ్ళావిడ ఈ రోజుకీ గేటు చప్పుడైతే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పోతుందట. "తెలియకపోవడం కంటే ఘోరం లేదు. ఆ అమ్మాయికి తెలియాలి. ఆ చేను లోతుగా దున్నించాలి" అన్నాడు. ఆయన జీతం లేకుండా ఇంతదూరం ఎందుకు వచ్చాడో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది.

నేను మా పద్ధతి గుర్తుచేశాను. మన్నులోంచి ఒక్క ఎముక బయటికి వచ్చిందంటే, ఆ సాయంత్రానికే ఆమె గాజులు పగలగొడతారు. ఇంక ఏ శుభకార్యానికీ ఆమె ముందుకు రాకూడదు. ముసలాయన సంగతి సరేసరి, ఆ రోజు దాటడు. తెలిస్తే ఎవరికి మంచిదన్నాను. "అది నువ్వూ నేనూ చెప్పేది కాదు, ఆమెను అడుగు" అన్నాడు దొర.

అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగే పని లేకుండా ఆమే ఒకరోజు గట్టు మీద నన్ను ఆపింది.

"ఏందన్నా, పెద్ద మడక తోలిస్తారంట గదా మా చేన్లో?"

"దొర అంటున్నాడు. మీ మామ ఒప్పుకోవాలి కదక్కా."

"నేను ఒప్పిస్తా. గరికకు చేనంతా ఇస్తే మేమేం తినాల?" అంది. ఆమె మాట్లాడినంతసేపూ చేని వైపు చూడలేదు.

పెద్ద మడకంటే మనిషెత్తు నాగలి. గరిక వేళ్ళు అడుగంటా పెరకడానికి మావైపు వాడే మడక. దాన్ని లాగాలంటే ఎనిమిది జతల ఎద్దులు కావాలి. ఏ ఒక్క ఇంట్లోనూ అన్ని ఉండవు కాబట్టి ఊళ్ళో వాళ్ళు తలా ఒక జత తెచ్చి సాయం పెడతారు. రేపు ఆ ఇంటివాళ్ళు వీళ్ళ చేనికి పోతారు. దొర ఆ మడకను మొదటిసారి చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. తమ దేశంలో కూడా ఇంత లోతుకు దున్నడం చూడలేదన్నాడు. ముసలాయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. "ఆ నెర్రె తావు మాత్రం ముట్టుకోవద్దండప్పా. చుట్టూ తోలుకోండి."

అందరూ సరేనన్నారు. ఇక్కడే జరిగింది మా పొరపాటు. ఎనిమిది జతల ఎద్దులు బారుగా నడుస్తుంటే ఆ వరస ఎంత పొడుగుంటుందో ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. దాన్ని చేను నడిమధ్యలో గుండ్రంగా తిప్పడం ఎవరి తరమూ కాదు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నేరుగా పోవలసిందే. అది తెలిసీ, ముసలాయన మొహం చూసి ఎవరూ కాదనలేకపోయారు. ఒకరు చెబుతారులెమ్మని ఇంకొకరు ఊరుకున్నారు. మన ఊళ్ళలో చాలా పనులు ఇట్లాగే మొదలవుతాయి.

ఉదయం అంతా బాగానే సాగింది. పెద్ద పెద్ద పెళ్ళలు లేస్తున్నాయి. ఎద్దుల మెడల్లో గంటలు, తోలేవాళ్ళ అదిలింపులు, నవ్వులు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మడక ఆ నెర్రెకు ఎదురుగా వచ్చింది. పక్కకు తిప్పబోయారు. వరస తిరగలేదు. తిరగకపోవడం కాదు, ఆగిపోయింది. ముందు జత కాళ్ళు పాతేసి నిలబడింది. దాని వెనకది, దాని వెనకది, చివరిదాకా అన్నీ నిలబడిపోయాయి. ఒకాయన చర్నాకోలతో కొట్టాడు. ఎద్దు తోక కూడా ఆడించలేదు. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. అన్ని ఎద్దుల మెడల్లో ఉన్న గంటల్లో ఒక్కటీ మోగడం లేదు. నిలబడిన ఎద్దు కూడా ఈగను తోలుకోవడానికి తల విదిలిస్తుంది. ఇవి ఊపిరి పట్టి ఏదో వింటున్నాయి.

మనుషులు కూడా మాటలాపేశారు. దొర నెర్రె పక్కకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముసలాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. మే నెల మధ్యాహ్నం, మబ్బు తునక లేదు. ఆ నెర్రెలోంచి మాత్రం తొలకరి వాన పడినప్పటి మట్టి వాసన వచ్చింది. నేనొక్కణ్ణే కాదు, అక్కడున్న అందరూ పీల్చారు. ఒక్కరూ పైకి అనలేదు.

అదే వేళకు కోడలు సంగటి గంప తీసుకొని వచ్చింది. గంప గట్టు మీద దించి, ఎద్దులను చూసింది, మామను చూసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని వచ్చి ముందు జత పగ్గం తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మీ, వద్దు" అన్నాడు ముసలాయన.

"ఒక్క సాలు మామా. ఒక్క సాలు పోయినాక నిలిపేస్తారు. ఎద్దులు ఎండకు చస్తాండాయి" అంది. ఆమె చేతి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు ముందు జత కదిలింది. దాని వెనక అన్నీ కదిలాయి. మడక నెర్రె మీదుగా పోయింది. భూమిలోంచి బరువైన చప్పుడొకటి వచ్చింది, లోపల ఏదో గది కప్పు కూలినట్టు.

వరస ఆవలికి చేరాక ఆమె పగ్గం వదిలి, సాలు వెంబడే వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. నేనూ దొరా సాలు పక్కనే ఉన్నాము. మిగిలినవాళ్ళు ఎద్దుల దగ్గరున్నారు. ఆమె ఒకచోట ఆగి వంగింది. తిరగబడిన పెళ్ళకు చుట్టుకొని నల్లబారిన వెండి మొలతాడు. మన్ను రాలుతుంటే అక్కడక్కడ మెరిసింది. మగవాడు బతికున్నంత కాలం మొలతాడు తియ్యడు, ఇది మీకు చెప్పనక్కరలేదు.

"ఏందమ్మీ అది?" గట్టు మీద నుంచి ముసలాయన గొంతు.

ఆమె లేచింది. పిడికిలి మూసి ఉంది. నా వైపు, దొర వైపు ఒక్కసారి చూసింది. బతిమాలలేదు, బెదిరించలేదు. ఊరికే చూసింది.

"రాయి మామా" అంది. పిడికిలి చీర మడతలోకి పోయింది.

"ఏమంటోంది?" అని దొర నన్ను అడిగాడు.

"రాయి అంటోంది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత టోపీ తీశాడు. ఎందుకు తీశానా అనుకున్నాడేమో, వెంటనే మళ్ళీ పెట్టుకున్నాడు. "అవును. రాయే" అని, గట్టు మీది ముసలాయనకు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పూటతో మడక విప్పేశారు. నెర్రె చుట్టూ ఉన్న ఆ కాస్త నేల, ఒక్క సాలు తప్ప, అట్లాగే వదిలేశారు.

వానలు పడకముందే దొర గడువు అయిపోయింది. నంద్యాల స్టేషనులో రైలెక్కించడానికి నేనే పోయాను. ఆయన చాలామందికి సలహాలు చెప్పాడు, కొన్ని పనికొచ్చాయి కూడా. వాటి గురించి ఒక్క మాటా అనలేదు. రైలు కదిలేముందు కిటికీలోంచి, "ఆ అమ్మాయి చోట మా ఆవిడ ఉంటే ఆమె కూడా రాయి అనే అనేది. నేనిన్నాళ్ళూ ఆమెకు తెలియాలి, తెలియాలి అని ఒకటే పోరాను" అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. తర్వాత ఆయన సంగతి నాకేమీ తెలియదు.

ముసలాయన ఇంకా మూడు ఎండాకాలాలు బతికాడు. ఆ ఒక్క సాలు మీదే నెర్రె మళ్ళీ తెరుచుకుంది. రోజూ మధ్యాహ్నం పోయేవాడు, పిలిచేవాడు. ఒకసారి నన్ను దారిలో ఆపి, "నా కొడుకు పలుకుతాండాడప్పా. యాడికీ పోలా. కోడలి గాజులు సల్లగుండ" అని సంతోషంగా చెప్పాడు. నేను సైకిలు పట్టుకొని నిలబడి తలూపాను. పిల్లలూ, చదువుకున్న మూర్ఖుణ్ణనుకోండి, ఆయన మాటలో నాకు అబద్ధం కనపడలేదు. భయం మాత్రం వేసింది.

రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాత మాట ఇది. ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆళ్లగడ్డ ఆఫీసు వాకిట్లో ఒకామె నిలబడి ఉంది. దగ్గరికి పోయేదాకా గుర్తుపట్టలేదు. చేతులు బోసిగా ఉన్నాయి, నుదురు బోసిగా ఉంది.

"మామ పాయె అన్నా" అంది. "దినాలు అయినాక పెద్దమనుషుల ముందర మొలతాడు పెట్టి, నేనే తీసేస్తి గాజులు. మామ ఉన్నన్నాళ్ళూ ఆయన కొడుకు బతికుండాల. ఇంగ ఎవరికోసం? మడక తోలించన్నా, అడుగంటా. ఏముంటే అది బయటికి తీసి కుందూలో కలిపి కర్మ చేయాల."

తోలించాను. ఇనుప మడకే తెప్పించాను, ఊళ్ళో ఎద్దులన్నీ వచ్చాయి. ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి ఆ తావుకు చేరాము. ఎద్దులు ఆగుతాయని నేను పళ్ళు బిగపట్టుకొని చూస్తున్నాను. ఆగలేదు. గంటలు మోగించుకుంటూ నేరుగా దాటిపోయాయి. తిరిగి వచ్చాయి, మళ్ళీ దాటిపోయాయి. ఈగలు తోలుకుంటూ, తలలు విదిలించుకుంటూ, మామూలు చేన్లో నడిచినట్టు నడిచాయి. అంతకుముందు ఎద్దులు ఆగినప్పుడు పడ్డ భయం ఒక ఎత్తు, ఆ రోజు ఆగకపోవడం చూసి పడ్డ భయం ఒక ఎత్తు.

పెళ్ళ పెళ్ళా చిదిపి చూశాము. ఎముక లేదు. గునపం ముక్క లేదు. రేగడి మట్టి, గరిక వేళ్ళు, అంతే. వాసన లేదు, చల్లదనం లేదు. మన్ను చేతిలో వేడిగా ఉంది. ఊరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకొని ఎద్దులు విప్పుకొని పోయారు. ఆమె చేతిలోని పెళ్ళను సాలులో వదిలి గట్టెక్కింది.

వానలు పడి పదునైనాక జొన్న విత్తే రోజున నేను ఆ చేనికి పోయాను. గొర్రు కట్టి సిద్ధంగా ఉంది. మావైపు మొదటి పిడికెడు గింజలు ముత్తైదువ చేతితోనే వేయిస్తారు. పక్క చేనావిడ పసుపు రాసుకొని వచ్చి నిలబడి ఉంది. గింజల గంప మాత్రం కోడలు చంకలో ఉంది. ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

నేను దగ్గరికి పోతే, చేని నడిమధ్యకు చూస్తూ చెప్పింది.

"మామ పోయిన దినం మధ్యాన్నం ఆడికి పోతి అన్నా. మామ పాయె అని చెప్తి. పలకలా. మళ్ళా మళ్ళా పిలిస్తి. పలకనే లేదు. ఆయప్ప వాళ్ళ నాయన కోసమే ఉండె ఆడ. నాయన రాంగానే పిల్చుకొని పాయె."

ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"మామ కోసం నేను గాజులేసుకొని ఉంటి. మామ కోసం ఆయప్ప మంట్లో ఉండె. ఈ ఇద్దరి నడాన నేనేందన్నా?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి బోసి చెయ్యి చాచి మొదటి పిడికెడు గింజలు వదిలింది. ఎద్దులు కదిలాయి.